దక్షిణం గోడ కొలతలు

మా ఇంటి పై రెండంతస్తులూ తొమ్మిదేళ్ళ లీజుకి కావాలంటూ వంశీధర్ అనే ఆయన పంపిన కాగితాల్లో, నాలుగో పేజీ మూడో వరసలో, ‘భవనపు బయటి గోడలతో సహా’ అని ఉంది.

ఒక మనిషి గదులు అడగవచ్చు. మెట్లు, నీళ్ళ ట్యాంకు, స్కూటరు పెట్టుకునే చోటు అడగవచ్చు. లోపల కూర్చుని పిల్లలకి జావా నేర్పే మనిషికి బయటి గోడలతో ఏం పని?

“ఏవండీ, ఇదెందుకు రాశారు?” అని మా ఆయన్ని అడిగాను.

మా ఆయన అచ్యుతరావుగారు మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. కాగితాలు చదవడం ఆయన వృత్తి. అందుకని ఇంట్లో చదవరు.

“లాయర్ల భాష వసూ. గోడల్లేకుండా గదులుంటాయా? అందుకే రాశాడు.”

“గదికి లోపలి గోడ చాలు కదండీ.”

“లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య ఏముంటుందే? ఇటుకేగా!” అని పేపరు తిప్పారు.

దాంతో నా సందేహం తీరిపోయిందని ఆయన అనుకున్నారు. నేను కాగితాలు తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టాను. బియ్యం తీసినప్పుడల్లా ఆ నాలుగో పేజీ కనిపించేలాగ.

ఇది రెండు వేల సంవత్సరం జూన్ సంగతి. ఆ జనవరి ఒకటిన ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు, ఆగలేదు. ఆ సంతోషంలో మా అమీర్‌పేటకి మరో యాభై ఇన్‌స్టిట్యూట్లు వచ్చాయి. అంతకుముందు ఇల్లు అద్దెకివ్వాలంటే ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అని పలక వేలాడదీసి, వచ్చినవాళ్ళ ఇంటిపేరు, గోత్రం, వంకాయ తింటారా లేదా అన్నీ కనుక్కుని, పదకొండు నెలలకి అగ్రిమెంటు రాసుకునేవాళ్ళం. ఇప్పుడు ఒక్కో గదిలో ఆరు మంచాలు వేసి, మంచం ఒక్కింటికి ఇంత అని ఇస్తున్నారు. మా వెనకింటావిడ తన పూజగదిలో కూడా రెండు మంచాలు వేసింది. దేవుడి పటాలు ఫ్రిజ్ మీదికి వెళ్ళాయి.

ఇల్లు నా పేరున ఉంది. మా అమ్మ పసుపుకుంకాల కింద ఇచ్చిన రెండెకరాలు, సామర్లకోట దగ్గరివి, ఎనభై ఎనిమిదిలో అమ్మి కొన్నాం. ఈ సంగతి మా ఇంట్లో రెండు సందర్భాల్లోనే గుర్తుకొస్తుంది: మున్సిపాలిటీ పన్ను కాగితం వచ్చినప్పుడు, సంతకం కావలసినప్పుడు. కొన్నప్పుడు కిందా, ఒక అంతస్తూ ఉండేవి. తొంభై రెండులో పైన ఇంకో రెండు వేశాం. మేం మొదటి అంతస్తులో ఉంటాం.

ఆ పై రెండూ వేసేటప్పుడే వాస్తు చూడ్డానికి కాకినాడ నించి బుల్లబ్బాయిగారిని రప్పించారు మా ఆయన. రానూపోనూ టిక్కెట్లు మావే. బుల్లబ్బాయిగారు చేతికర్రతో ఇల్లంతా తిరిగి, దక్షిణం గోడ దగ్గర ఆగి, చెవులు మూసుకున్నంత పని చేశారు. దక్షిణం యముడి దిక్కట. అటు కిటికీ ఉంటే లక్ష్మి అందులోంచి దూకేస్తుందట. దాంతో కొత్త అంతస్తులకి అటు కిటికీలు పెట్టలేదు. అది చాలక మొదటి అంతస్తులో ఉన్న రెండూ ఇటుకలతో మూయించేశారు. ఆ రెండిట్లో ఒకటి నా వంటింటిది. పడమట పక్కింటి గోడ అడుగు దూరంలో ఉంది. ఎనిమిదేళ్ళుగా నా వంటింట్లో పప్పూ నేనూ ఒకే మంట మీద ఉడుకుతున్నాం. లక్ష్మి దూకలేదు నిజమే. పిల్లగాలి కూడా రాలేదు.

కింద రోడ్డు వైపున్న ముల్గీలో రాజనర్సు టైలరింగు షాపు. దుకాణం గదిని ఇక్కడ ముల్గీ అంటారు. మేం ఇల్లు కొనేనాటికే ఆయన అందులో ఆరేళ్ళ నించి ఉన్నాడు. సిరిసిల్ల మనిషి. “మా నాయిన బట్ట నేసిండు, నేను కుడుతున్న. నా తర్వాతోడు ఏం జేస్తడో, చింపుతడో” అంటుంటాడు. అందరినీ నువ్వు అనే పిలుస్తాడు. మొదటి ఏడాది మా ఆయనకి ఆ పిలుపు మింగుడు పడలేదు. కలెక్టరునైనా ఆయన అలాగే పిలుస్తాడని తెలిశాక పడింది. అద్దె ఏడు వందలు. కాగితం లేదు, కలం లేదు. ప్రతి నెలా ఒకటో తారీకున మెట్లెక్కి వచ్చి ఇస్తాడు, మంచినీళ్ళు తాగి వెళతాడు.

వంశీధర్ పద్దెనిమిది వేలు అద్దె ఇస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు. ఒకటో తారీకుకి ముల్గీ ఖాళీ చేయించి ఇవ్వాలి. రిసెప్షను పెట్టుకుంటాడట.

“పద్దెనిమిది వేలు!” అన్నారు మా ఆయన ఆ మంగళవారం పొద్దున, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. “నా జీతం కంటే ఎక్కువ. ఖాళీగా ఉన్న ఇంటికి! ఆదివారం దశమి, తొమ్మిదీ ఇరవైకి ముహూర్తం చూశాను. సంతకం నువ్వే పెట్టాలిగా, తల పోసుకో.”

“మరి రాజనర్సు?”

ఆయన రెండో తాడు చాలా శ్రద్ధగా కట్టారు. “నువ్వు చెప్పు. ఆడవాళ్ళు చెబితే మెత్తగా ఉంటుంది.”

“పద్దెనిమిదేళ్ళ కొట్టు తీసెయ్యమని మెత్తగా ఎలా చెప్తారండీ?”

“అందుకే నిన్ను చెప్పమన్నాను” అని ఆఫీసుకి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుని కిందికి దిగాను. ఉత్త చేతులతో వెళితే ఆ మాట చెప్పేసి రావాలి. గుడ్డ ఉంటే చెప్పకుండా రావచ్చు.

రాజనర్సు కత్తిరిస్తున్నాడు. ఆయన భార్య రాజమణి గడప దగ్గర కూర్చుని చీరకి ఫాల్ కుడుతోంది.

“అమ్మా, జర చెప్పు. గా టై కట్టుకున్న సారు ఎవరు? నిన్న వచ్చి నా ముల్గీ దిక్కు మస్తు చూసిండు.”

“చూస్తే ఏమైంది?”

“చూసుడు గాదు. అడుగులేసుకుంట కొలుస్తుండు. టేపు లేకుండ కొలిచేటోడిని నేను నమ్మ.”

“నిన్ను అడిగితే గదా నమ్మేది, నమ్మంది” అంది రాజమణి తలెత్తకుండా. “ముందుగాల అమ్మ గుడ్డ తీస్కో.”

ఆయన గుడ్డ అందుకున్నాడు. కొలతలు తీసుకోలేదు, నావి ఆయన పుస్తకంలో ఎనభై ఎనిమిది నించీ ఉన్నాయి. వెనకటి వారం జాకెట్టుకి డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనియ్యి అమ్మా.”

ఇదొకటి. ఏడాదిగా ఈ మనిషి నా దగ్గర కుట్టుకూలి తీసుకోవడం లేదు. అంతకుముందు ఐదు రూపాయల దగ్గర అరగంట వాదించేవాడు. ముప్పై ఐదు అంటే నేను ముప్పై అనేదాన్ని. ఆయన దారం ధర చెప్పేవాడు, నేను గుండీ ఊడిన సంగతి చెప్పేదాన్ని. చివరికి ముప్పై రెండుకి తెగేది. ఇద్దరికీ కాలక్షేపం. ఒకరోజు నించి ఉన్నట్టుండి ‘ఉండనియ్యి’. అద్దె తక్కువని మొహమాటమేమో అనుకున్నాను. కానీ మొహమాటం పదిహేడేళ్ళు ఆగి పద్దెనిమిదో ఏట వస్తుందా?

ఆ రోజు చెప్పలేకపోయాను. పైకి వచ్చి బియ్యం తీశాను. బయటి గోడలతో సహా.

బుధవారం పదకొండింటికి, అమీర్‌పేటలోనే ఉన్న వంశీధర్ పాత బిల్డింగు చూద్దామని బయల్దేరాను. పెళ్ళి సంబంధానికి వెళితే పెరడు కూడా చూసి వస్తాం, తొమ్మిదేళ్ళ లీజుకి ఆ మాత్రం చూడొద్దూ?

బిల్డింగు కనిపించలేదు. బోర్డులు కనిపించాయి. కింది నించి పిట్టగోడ దాకా రేకు బోర్డులు, గుడ్డ బ్యానర్లు, ఎరుపు, పసుపు, నీలం. జావా, ఒరాకిల్, విజువల్ బేసిక్, మళ్ళీ జావా. ఇరవై ఆరు లెక్కపెట్టాను. వాటి వెనకాల కిటికీలున్నాయో లేదో కట్టినవాడికే తెలియాలి. ఇరవై ఆరు ఇన్‌స్టిట్యూట్లు ఆ ఇంట్లో ఎలా పడతాయబ్బా అనుకుంటూ లోపలికి వెళ్ళాను.

బల్ల వెనకాల ఒకమ్మాయి. మెడలో ‘మంజూష’ అని చీటీ.

“చెప్పండాంటీ. ఎవరికి, బాబుకా పాపకా?”

“నాకే.”

ఆ పిల్ల వెంటనే ఫారం తీసింది. ఆ ఉద్యోగానికి తగిన పిల్ల.

“క్వాలిఫికేషన్?”

“బీకాం.”

“ఎప్పుడు పాసయ్యారాంటీ?”

“ఎమర్జెన్సీలో.”

అది కూడా రాసుకుంది. “గ్యాప్ కొంచెం ఉంది. పర్లేదు, మీరు టెస్టింగ్‌కి వెళ్ళొచ్చు.”

“టెస్టింగ్ అంటే ఏంటమ్మా?”

“వేరేవాళ్ళు చేసిన దాంట్లో తప్పులు పట్టుకోవడం.”

“అందులో నాకు ఇరవై మూడేళ్ళ అనుభవం ఉంది” అన్నాను. పెళ్ళయి అన్నేళ్ళే అయింది.

“గుడ్ ఆంటీ. ఏ బోర్డు చూసి వచ్చారు?”

“ఏ బోర్డేంటి? అన్నీ ఇక్కడివే కదా?”

“అయ్యో, కాదాంటీ. ఎర్ర బోర్డు వాళ్ళ క్లాసు ఎస్.ఆర్. నగర్‌లో. పసుపు బోర్డు వాళ్ళది బల్కంపేట. నీలం వాళ్ళది ఇంకా రూము దొరకలేదు. ఇక్కడ బోర్డే.”

“మరి ఇక్కడెవరున్నారు?”

“నేనున్నానుగా! ఎవరు ఏ బోర్డు చూసి వస్తే వాళ్ళ దగ్గరికి పంపిస్తా. పైన సర్‌వి మూడు రూములే. బస్సు దిగగానే పిల్లలు తలెత్తి చూస్తారు కదాంటీ, ఆ చూపుకే రేటు.”

నాకు వంటింట్లో పాలు పొంగే ముందు వచ్చే చప్పుడు లాంటిది లోపల వినిపించింది. పొంగనివ్వలేదు.

“అమ్మాయ్, నేను ఆవకాయ పెట్టి అమ్ముతుంటాను. దానికి ఒక బోర్డు పెట్టుకోవాలంటే ఇస్తారా?” ఆవకాయ పెట్టడం నిజం. అమ్మడం ఆ నిమిషంలోనే మొదలైంది.

మంజూష ఫారం పక్కకి నెట్టి ఇంకో నోటుబుక్కు తెరిచింది. “పెద్దదైతే నెలకి రెండు వేలు, చిన్నదైతే ఎనిమిది వందలు. ఇక్కడ ఖాళీ లేదాంటీ. ఒకటో తారీకు నించి కొత్త గోడ వస్తోంది, అందులో రాసుకోనా? సూపర్ గోడ. నాలుగంతస్తులు. ఒక్క కిటికీ లేదంట! సర్ ఆరు నెలల నించి దాని మీదే ఉన్నారు.”

“కిటికీ లేని ఇల్లు కూడా ఉంటుందా?”

“ఎవరో వాస్తు పిచ్చోళ్ళంట ఆంటీ.”

“అలాగా. ఎక్కడమ్మా?”

“పంజాగుట్ట నించి వస్తుంటే ఎడమ చేతివైపు, మెకానిక్ షెడ్డు పక్కన. మూలకి ఒక టైలర్ షాపుంది. అది తీసేస్తారు. అక్కడ నాలాంటి వాళ్ళు కూర్చుంటారు.”

ఆవకాయ బోర్డుకి పేరు రాయించుకోకుండానే లేచాను.

పంజాగుట్ట వైపు నడిచి, ఎదురు బస్టాపులో నిలబడి మా ఇంటిని చూశాను. పన్నెండేళ్ళలో అటువైపు నించి ఎప్పుడూ చూడలేదు. మనం మన ఇంటిని గుమ్మం వైపు నించే చూస్తాం. మెకానిక్ షెడ్డు రేకుల మీద నించి లేచి, వెల్లవేసిన గోడ ఒకటి, పలకలా, నున్నగా, ఆకాశం దాకా ఉంది. రెండు చోట్ల మాత్రం మూసిన కిటికీల గుర్తులు, పాత దెబ్బ మచ్చల్లాగ. పంజాగుట్ట నించి బస్సు వచ్చింది. అందులో ఎడమవైపు కూర్చున్న తలలన్నీ మా గోడనే చూస్తున్నాయి. వేరే చూడ్డానికేం లేదు పాపం.

అప్పుడు కనిపించింది. గోడ మూలన, సరిగ్గా ముల్గీ పైన, మూడడుగుల గుడ్డ బ్యానరు ఒకటి. సి, సి ప్లస్ ప్లస్, గ్యారంటీ. రోడ్డు దాటి దగ్గరికి వెళ్ళాను. బ్యానర్లకి అంచులు చిరిగి పీలికలు వేలాడుతుంటాయి, లోకంలో రివాజు. దీనికి చుట్టూ గులాబీరంగు పైపింగు ఉంది. సన్నగా, తీరుగా, ఒక్క ముడత లేకుండా. ఆ గులాబీరంగు నాది. కిందటి శ్రావణమాసపు జాకెట్టుది.

“రాజనర్సూ” అన్నాను ముల్గీ ముందు నిలబడి.

ఆయన నా చూపు ఎటుందో చూశాడు. మిషను ఆపాడు.

“నేను చెప్పిన, ఎప్పటికైన దొరుకుతవని” అంది రాజమణి ఆయనతో.

“కూసో అమ్మా” అన్నాడు స్టూలు లాగి. “ఏడాది కింద ఒక పోరగాడు వచ్చి గోడకి కట్టుకుంట అన్నడు. నెలకి నూటయాభై ఇస్తా, జర కాపలా ఉండమన్నడు. సరే అన్న. తర్వాత సోంచాయించిన. గోడ నీది. నీ గోడ పైసలు నేనెట్ల తింట?”

“మరి నాకు చెప్పొచ్చుగా?”

“చెప్తే సారు కిరాయి పెంచుతడని ఫికర్. చెప్పకుంటే దేవుడు ఏమంటడో అని ఫికర్. గందుకే నడిమిట్ల జాకెట్లు కుట్టిన.”

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

“ఇప్పటిదాంక మొత్తం లెక్క పెట్టిన. ఇంకా మస్తు జాకెట్లు బాకీ ఉన్న నీకు” అన్నాడు. “బ్యానరు తియ్యమంటే ఇయ్యాల్నే తీస్త.”

నవ్వు ఆపుకుని, ఇక తప్పదని, ఆదివారం సంగతి చెప్పాను. లీజు, పద్దెనిమిది వేలు, ముల్గీ ఖాళీ. మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన కొలతల పుస్తకం మూశాడు. మళ్ళీ తెరిచాడు.

“పొమ్మంటే పోత. సామాన్లదేమున్నది, రెండు మిషన్లు, ఒక టేబులు. ఆటోల పడ్తయ్. కని గిరాకీని ఆటోల ఎట్ల ఏస్కపోత? గీ పుస్తకంల ఉన్న ఆడోళ్ళు గీ మూలకే వస్తరు. ఇంకో గల్లీకి రారు.”

రాజమణి ఫాల్ కుట్టడం ఆపలేదు. సూది మాత్రం రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

“ఇంకా సంతకం పెట్టలేదు” అన్నాను.

ఈ సంగతంతా మా ఆయనకి ఆ సాయంత్రమే చెప్పవచ్చు. చెబితే ఏం చేస్తారో తెలుసు. వంశీధర్ దగ్గరికి వెళ్ళి, గోడ గురించి గట్టిగా మాట్లాడి, ఇంకో రెండు వేలు పెంచుకుని, గెలిచి వస్తారు. రాజనర్సు ఆటో ఎక్కుతాడు. అందుకని చెప్పలేదు. అదొక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. కాగితాల్లోంచి ఆ గోడల మాట కొట్టేస్తే వంశీధర్ మొహం ఎలా ఉంటుందో చూడాలని కూడా ఉంది.

ఆదివారం తొమ్మిదింటికల్లా వంశీధర్ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఆదివారం కూడా టై. కిలో మైసూర్‌పాకు తెచ్చాడు.

“ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకాలు మేడమ్” అని కలం మూత తీసి మరీ ఇచ్చాడు. మా ఆయన గడియారం చూసుకుంటున్నారు.

“అలాగే బాబూ. ఒక్క మాట కొట్టేస్తాను. నాలుగో పేజీలో. ‘బయటి గోడలతో సహా’ అని.”

నేను చూడాలనుకున్నది చూశాను. పెద్దగా ఏం మారలేదు. టై మీదికి చెయ్యి మాత్రం వెళ్ళింది.

“అవి ఊరికే ఫార్మాలిటీకండి మేడమ్.”

“ఫార్మాలిటీకే అయితే పోయినా నష్టం లేదుగా.”

“వసూ, టైమవుతోంది” అన్నారు మా ఆయన.

“అయిపోయిందండీ. ముల్గీ అన్న మాట కూడా కొట్టేస్తే అయిపోతుంది. మిగతాదంతా ఉంచండి. గదులు, మెట్లు, నీళ్ళ ట్యాంకు, అన్నీ మీవే.”

వంశీధర్ కుర్చీలో ముందుకి జరిగాడు. “పోనీ ముల్గీ ఉంచుకోండి మేడమ్. టైలరుని కదపొద్దు. గోడలు మాత్రం ఉండనివ్వండి. ఇరవై రెండు వేలిస్తాను.”

టీపాయి కింద మా ఆయన కాలు నా కాలిని తొక్కింది. ఒప్పుకోమని. నా మనసూ కదిలింది, దాచడమెందుకు? రాజనర్సు ఉంటాడు, ఇంకో నాలుగు వేలు వస్తాయి. కానీ ఒక్క నిమిషంలో నాలుగు వేలు పెంచినవాడి దగ్గర ఇంకా ఎంత ఉందో తెలుసుకోకుండా తొమ్మిదేళ్ళు నిద్ర పడుతుందా?

“గదులకెంత, గోడలకెంత? విడివిడిగా చెప్పండి.”

“ప్యాకేజీ కదండీ మేడమ్.”

“మా కూరల చిలకమ్మ కూడా సంచీ మొత్తానికి ఒక ధర చెప్పదు బాబూ. వంకాయలు వేరు, బెండకాయలు వేరు.”

వంశీధర్ మా ఆయన వంక చూశాడు. మా ఆయన కాలు నా కాలి మీద నించి తీసేశారు. ఆయనలోని సూపరింటెండెంటు మేలుకున్నట్టున్నాడు. “అవునండీ, హెడ్డుల వారీగా చెప్పండి” అన్నారు.

“గదులకైతే... ఏడు వేలు సార్.”

మా ఆయన పెదాలు కదిలాయి. ఇరవై రెండులోంచి ఏడు.

“గోడకి పదిహేనా?” అన్నారు. “గోడకా?” అని లేచి, లుంగీతోనే మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఇల్లు కట్టిన మనిషి ఇల్లు చూడ్డానికి వెళ్ళడం అప్పుడే చూశాను.

తొమ్మిదీ ఇరవై దాటింది. నేను కలానికి మూత పెట్టి ఇచ్చేశాను.

“గోడ కావాలంటే గోడ సంగతే మాట్లాడుకుందాం బాబూ, పదకొండు నెలలకి. గదులు కావాలంటే గదులు. తొమ్మిదేళ్ళకి నేనేదీ ఇవ్వను. అప్పటికి ఏ భాష నేర్పుతారో మీకే తెలీదు.”

“ఆలోచించుకోండి మేడమ్. ఇలాంటి ఆఫర్ మళ్ళీ రాదు” అన్నాడు. కోపంగా లేడు. మెట్ల దగ్గర ఆగి, “మీకెవరు చెప్పారండీ?” అని అడిగాడు.

“నేను టెస్టింగ్ నేర్చుకుంటున్నాను” అన్నాను. మంజూష ఉద్యోగం ఎందుకు పోవాలి?

మా ఆయన పది నిమిషాలకి పైకి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

“వసూ! బుల్లబ్బాయిగారు ఊరికే చెప్పలేదే! ఆ రోజు నేను పట్టుబట్టి కిటికీలు మూయించబట్టి కదా!”

“అవునండీ. మైసూర్‌పాకు తీసుకోండి.”

ఆ మధ్యాహ్నమే గోడ కొలవడం మొదలైంది. రాజనర్సు టేపు అరవై అంగుళాలది, గోడ నలభై అడుగుల పైమాట. ఆయన డాబా మీద నించి ఒక దారం వదిలాడు, చివర పెద్ద కత్తెర కట్టి. కత్తెర మెల్లగా ఊగుతూ నేల దాకా దిగింది. తర్వాత ఆ దారాన్ని మా హాల్లో పరిచి టేపుతో కొలిచాడు. మా ఆయన ఆఫీసు ప్యాడు మీద రాసుకున్నారు.

“భుజాలు మంచిగున్నయ్ సారూ, నీ ఇంటికి” అన్నాడు రాజనర్సు. “నడుము కాడ కొంచెం లోపలికున్నది. గాడ బోర్డు లూజుగ కట్టాలె, లేకుంటే గాలికి ముడత పడ్తది.”

ఆయన ‘నువ్వు’కి మా ఆయన ఉలిక్కిపడలేదు. “నడుం, కింది నించి పదహారడుగుల ఎత్తున” అని రాసుకున్నారు.

అద్దె సంగతీ అప్పుడే తేలింది. ముల్గీకి అదే ఏడు వందలు. కాకపోతే పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి స్టాంపు కాగితం మీద, రాజనర్సు పేరుతో. గోడ చూసుకోవడం ఆయన పని, వచ్చేదాంట్లో పదో వంతు ఆయనది. కాగితం మీద సంతకం పెట్టడానికి ముందు రాజమణి దాన్ని తీసుకుని, చదవడం రాకపోయినా, అటూ ఇటూ తిప్పి, అంచులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసింది.

“మున్సిపాలిటీకి బోర్డు పన్ను కట్టాలట. అదీ లెక్కలో వేద్దాం” అన్నారు మా ఆయన. “మొత్తం పదకొండు పెద్ద బోర్డులు పడతాయి వసూ!”

“పది” అన్నాను.

రాజనర్సు దగ్గర సుద్దముక్క అడిగి తీసుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్క గోడ మీద, పాత కిటికీ ఉన్నంత మేర, నాలుగు గీతలు గీశాను.

“ఇదేంటే? బయట సరిగ్గా నడిమధ్యకి వస్తుందే అది! బస్సులోంచి కంటికి ఆనేదే ఆ చోటు! నెలకి రెండు వేలు!”

“ఇది అద్దెకి లేదండీ.”

“బుల్లబ్బాయిగారు...”

“లక్ష్మి ఇప్పుడు గోడ బయటే ఉంటుంది కదండీ. లోపలికి రావడానికి ఒక కిటికీ ఉండొద్దూ?”

మా ఆయన ప్యాడు మీద పదకొండు కొట్టేసి పది వేశారు.

గురువారం వంశీధర్ వచ్చాడు. పైకి రాలేదు. ముల్గీ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. రాజనర్సు చేతిలో ఉన్న జాకెట్టుకి రెండో చెయ్యి అతికించేదాకా మాట్లాడలేదట. నాలుగు బోర్డులకి, పదకొండు నెలలకి రాసుకున్నారు. పై గదులు రెండు కుటుంబాలకి ఇచ్చాం, పాత పద్ధతిలోనే. వంకాయ సంగతి మాత్రం ఈసారి అడగలేదు.

మేస్త్రీ వచ్చి ఇటుకలు తీసిన రోజు, పప్పు పొయ్యి మీద పెట్టి అటు చూశాను. పంజాగుట్ట బస్సు వెళుతోంది. ఎడమవైపు కూర్చున్న తలలు నన్ను చూస్తున్నాయి. గరిటె ఊపాను. ఒకావిడ తిరిగి చెయ్యి ఊపింది.

ఆ వారం జాకెట్టు తెచ్చుకోవడానికి కిందికి దిగాను. మడిచి చేతికిచ్చాడు రాజనర్సు. నేను మెట్ల వైపు తిరిగాను.

“అమ్మా, పైసలు?”

“ఉండనియ్యి అన్నావుగా?”

“అది గోడ లెక్క. కాగితం మీదికి పాయె. ఇది జాకెట్టు లెక్క. నలభై ఐదు.”

“నలభై ఐదా! ముప్పై ఐదు కదూ?”

“అది పోయినేడు రేటు. దారం ధర ఎంతున్నదో తెల్సా నీకు?”

నేను మెట్ల మీద నించి వెనక్కి వచ్చి, స్టూలు లాక్కుని, తీరిగ్గా కూర్చున్నాను.

“శ్రావణంలో కుట్టినదానికి గుండీ ఊడింది, ముందు ఆ సంగతి చెప్పు” అన్నాను.